ఉప్పు వడ్డీ

షోరూం కుర్రాడు ఒకటే అంకె పట్టుకుని కూర్చున్నాడు.
ఇరవై ఆరు.
లీటరుకి ఇరవై ఆరు మేడమ్, అని
సొంత తమ్ముడి మార్కులు చెప్పినట్టు
మురిసిపోతూ చెప్పాడు.

నేను కంచరపాలెంలో దోసెల పిండి రుబ్బేదాన్ని.
నానబెట్టకుండా ఏ అంకెనీ నమ్మను.

రాత్రి గ్రైండరు కడిగేశాక
పాలపద్దు పుస్తకం వెనక అట్టమీద గీత గీశాను.
రోజుకి నలభై కిలోమీటర్లు:
ఎన్ఏడీ, మద్దిలపాలెం, ఎండాడ మెరక,
రుషికొండ హోటళ్ళ వెనక గుమ్మాలు,
ఖాళీ డబ్బాల మోతతో మళ్ళీ ఇల్లు.
నెలకి వెయ్యి.
కొత్తది ముప్ఫై తొమ్మిది లీటర్లు తాగుతుంది,
పదహారిచ్చే పాతది అరవై మూడు.
తేడా ఇరవై నాలుగు.
బంకు ధరలో రెండువేల ఆరొందల చిల్లర.

ఆ చిల్లర మిగుల్చుకోడానికి
నెలకి పదకొండువేల నాలుగొందలు
ఐదేళ్ళు కట్టమంటున్నాడు,
చేతిలో చల్లటి మజ్జిగ ప్యాకెట్టు పెట్టి.
చెంబెడు పాలు చూపించి
గడ్డిమోపు ఖరీదు మరిపించినట్టు.

సరే, పాతదే అనుకున్నాను.
పెదవాల్తేరులో ఒకటుంది.
ఒక్కడే ఓనరు, పోర్టులో గుమాస్తా చేసి దిగినాయన.
సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు.
లక్షా తొంభై.
నా చీటీ డబ్బుకి కొలిచి కుట్టినట్టుంది.

ఆటోనగర్ నించి దాలినాయుడు వచ్చాడు.
ఇంజిను వినలేదు. రంగు చూళ్ళేదు.
రోడ్డుమీద గోనె పరుచుకుని
వెల్లకిలా బండి కిందకి దూరాడు.
స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు.
అప్పడం విరిగిన చప్పుడు.

"ఇది రాత్రుళ్ళు ఎక్కడ పడుకునేదో అడుగమ్మా."

సముద్రానికెదురుగా,
అపార్టుమెంటు గోడ బయట, తొమ్మిదేళ్ళు.

"మరింకేటి. ఇంజినుకేటీ కాలేదు.
అడుగంతా ఉప్పు తినీసింది."

పోర్టాయన తల దించుకున్నాడు.
పాపం, ఆయన పైనే తుడిచాడు
రోజూ, మెత్తటి గుడ్డతో.

ఈ ఊళ్ళో ఒక వడ్డీ వ్యాపారి ఉన్నాడు.
సాయంత్రం ఊరందరికీ ఉచితంగా గాలి పంచుతాడు.
అర్ధరాత్రి తలుపు సందుల్లో, బోల్టు మెడల్లో
చప్పుడు చెయ్యకుండా వసూలు చేసుకుంటాడు.
ఏ బంకులోనూ అతని బోర్డు లేదు.
షోరూం కాగితంలో అతని గడి లేదు.

నా అట్టమీద కొత్త గడి గీశాను:
ఎక్కడ పడుకుంది?

అలా దొరికింది చోడవరంలో.
బెల్లం దిమ్మలు మోసిన వ్యాను.
వెలిసిన తెలుపు, ఒక అద్దం సొట్ట.
మైలేజీ ఎంతిస్తుందంటే
యజమాని గోడవైపు చూస్తూ
"పద్నాలుగు. ఏసీ వేస్తే నన్నడక్కండి" అన్నాడు.
ఆ మాటకే సగం కొనేశాను.
మిగతా సగం, దాలినాయుడు కింద గుద్దితే
కంచు పళ్ళెంలా మోగినప్పుడు.

లక్షా అరవై. మిగిలిన ముప్ఫై వేలలో
రెండు టైర్లు, క్లచ్ ప్లేటు, ఇన్సూరెన్సు,
దాలినాయుడికి బిర్యానీ.

"పద్నాలుగా!" అంది పక్క వాటా సుశీలారాణి,
"అది పెట్రోలు తాగడమా, స్నానం చెయ్యడమా?"
నిజమే. బంకులో మీటరు తిరుగుతుంటే
నాకూ కడుపులో తిరుగుతుంది.
నెల మొదటి తారీఖున మాత్రం
ఫోను మోగదు, బ్యాంకు నించి ఎవరూ పిలవరు.
ఆ నిశ్శబ్దానికి లీటరు ఎంతో
నాకింకా లెక్క తేల్లేదు.

ప్రతి ఆదివారం కిందకి దూరి
మంచినీళ్ళతో కడుగుతున్నాను.
ఆ నీళ్ళ బిందెలు కూడా పద్దులో రాశాను.

చీమల్ని రాయలేదు.
రుషికొండ మలుపులో ఎండకి బండి ఆపితే
స్టీరింగు పక్క సందులోంచి
ఒక్కొక్కటే బయటికొస్తాయి,
ఇంకా ఎక్కడో తీపి మిగిలుందని.